చెట్టు మీద పగ

చెట్టు మొదట్లో యాసిడ్ పోసేవాళ్లు పట్టపగలు పోయరు. మానుకు బెజ్జం పెట్టి ఇంగువ కూరేవాళ్లూ, బెరడు చుట్టూ గాటు పెట్టి వదిలేసేవాళ్లూ అంతా నిద్రపోయాకే ఆ పని చేస్తారు. చేస్తున్నది తప్పని వాళ్లకు తెలుసు. కొన్నాళ్లకు ఆకు పండుబారుతుంది, చిటారు కొమ్మలు ఎండుతాయి. ఎవరు చేసి ఉంటారో వీధిలో అందరికీ తెలుస్తుంది. ఎవరూ నోరు విప్పరు. "వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు, మనకెందుకు" అంటాం. యాసిడ్ పోసిన చేతి కంటే ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

పక్కింటి చెట్టు మీద ఫిర్యాదు చేసేవాళ్లంతా చెడ్డవాళ్లని నేననను. వాళ్ల ఇబ్బందిలో నిజముంది. శిశిరంలో వేపాకు రాలుతుంటే పొద్దున ఊడ్చిన వాకిలి మధ్యాహ్నానికి మళ్లీ నిండిపోతుంది. వానలు పడగానే మునగ మాను మీద గొంగళిపురుగులు గుంపులుగా చేరి, గోడ దిగి పక్కింటి గదుల దాకా వస్తాయి. పసిపిల్లలున్న ఇంట్లో ఆ దురదలూ దద్దుర్లూ చిన్న విషయం కాదు. కొబ్బరి మట్ట ఎప్పుడు రేకుల కప్పు మీద పడుతుందోనని గాలివాన రాత్రి కన్ను మూయని ఇళ్లున్నాయి. రావి వేళ్లు ప్రహరీని చీలుస్తాయి. నూరు గజాల స్థలంలో ఇల్లు కట్టుకుని, మిగిలిన మూడడుగుల సందులో మామిడి నాటితే అది ఎదిగేది పక్కవాళ్ల ఆవరణలోకే. నాటేవాళ్లు ఆ సంగతి నాటే రోజునే ఆలోచించాలి. కాయలు మావి, చెత్త మీది అన్నట్టు చెట్టును పెంచడం ధర్మం కాదు.

పల్లెల్లో ఇది గట్టు తగాదా. ఒకరు హద్దు చివరంటా జామాయిలో, సుబాబులో, సరుగుడో వేస్తారు. పక్క చేలో మిరప ఉంటుంది. గట్టు వెంట నాలుగు సాళ్లు నీడకు గిడసబారిపోతాయి, నేలలోని పదునును ఆ వేళ్లు లాగేస్తాయి. అది కౌలు చేనైతే ఆ నాలుగు సాళ్లకూ కౌలు కట్టక తప్పదు. గట్టు నుంచి కొంత వదిలి మొక్క వేసినా, మధ్యలో కందకం తీసినా ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. సర్వే రాయి దాకా నాదేనని మొండికేస్తే ఆ పగ కొడుకుల కాలానికీ పాకుతుంది. అలా అన్నదమ్ముల బిడ్డలే పెళ్లిళ్లకు పిలుచుకోకుండా పోయిన ఊళ్లు మనకు కొత్త కావు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకుందాం. గోడ దాటి మన వైపు వచ్చిన కొమ్మను హద్దు వరకు తొలగించుకునే హక్కును కోర్టులు చాలాకాలంగా ఒప్పుకుంటున్నాయి. చెట్టును చంపే హక్కు మాత్రం పక్కవాడికి ఎవరూ ఇవ్వలేదు. సొంత చెట్టునైనా ఇష్టమొచ్చినట్టు నరకడానికి లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం, మినహాయింపు ఉన్న కొన్ని రకాలు తప్ప, ముందుగా అనుమతి తీసుకోవాలి. కూలిపోయి మనుషుల మీద పడేలా ఉన్న చెట్టును తీయించమనో, ఆసరా పెట్టించమనో ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. ఈ అధికారమిచ్చిన ఒకప్పటి సీఆర్‌పీసీ 133వ సెక్షనే ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 152 అయింది. ఇద్దరూ రాజీకి సిద్ధమైతే కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. అక్కడ కోర్టు ఫీజు ఉండదు. ఇచ్చిన అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఇన్ని దారులుండగా అర్ధరాత్రి యాసిడ్ సీసా పట్టుకోవాల్సిన అవసరం ఎవరికొచ్చింది?

చెట్టును బతికించుకోవడం మనకు చేతకాక కాదు. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి చెదలు పట్టి పెద్ద కొమ్మ విరిగిపడితే, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి బొట్టు బొట్టుగా మందు ఎక్కించారు. బరువు మోయలేని కొమ్మలకు స్తంభాలు ఆసరా పెట్టారు. 2021లో ఊరూరా వేపచెట్లు తెగులు సోకి మాడిపోతుంటే మనమంతా దిగులుపడ్డాం. మళ్లీ చిగురు కనబడితే ఊపిరి పీల్చుకున్నాం. అదే వేప పక్కింట్లో ఉంటే మన మనసు ఎందుకు రాయవుతుంది?

చెట్టు ఒకరి స్థలంలో ఉంటుంది, నీడ వీధి మొత్తానిది. ఎండాకాలం ఆ నీడలో ఇస్త్రీ బండి నిలబడుతుంది. కూరగాయలమ్మే ఆమె గంప దించుకుని చెమట తుడుచుకుంటుంది. మధ్యాహ్నం ఆటో ఆపి డ్రైవర్ అన్నం తింటాడు. రెండిళ్ల పంతానికి చెట్టు కూలితే ముందు నష్టపోయేది వీళ్లు. తగువులో వీళ్లను ఎవరూ అడగరు. మరో మాట కూడా చెప్పాలి. రాలిన ఆకు ఊడ్చేది ఇంటి ఆడవాళ్లూ, పనికి వచ్చే మనిషీ. తీర్పులు చెప్పుకునేది మగవాళ్లు. నడుం వంచేవాళ్ల కష్టం వినకుండా కుదిర్చిన రాజీ నిలవదు.

అందుకే ఇది వీధి బాధ్యత, ఊరి బాధ్యత. చెట్టున్నవాళ్లు ఫిర్యాదు వచ్చేదాకా ఆగకూడదు. ఎండు మట్టలు, బరువెక్కిన కొమ్మలు ఏటా వానలకు ముందే తీయించాలి. గూళ్లు ఉన్నాయేమో చూసి మరీ తీయించాలి. ఇబ్బంది పడేవాళ్లు మున్సిపాలిటీకి అర్జీ పెట్టడానికి ముందు, కాలనీ వాట్సాప్ గ్రూపులో పరువు తీయడానికి ముందు, గడప తొక్కి ఎదురుగా కూర్చుని చెప్పాలి. "అక్కా, మీ మునగ పురుగులతో మా చంటిదానికి ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి" అంటే కరగని మనిషి అరుదు. కొమ్మలు కొట్టించేటప్పుడు ఒకవైపే నరికితే చెట్టు రెండోవైపు ఒరిగి గాలికి కూలుతుంది. కనుక తెలిసిన మనిషిని పిలిచి, కూలి ఇద్దరూ పంచుకుని, దగ్గరుండి కొట్టించుకోవాలి. అంత డబ్బు లేని ఇంటికి కాలనీ సంఘం తోడు నిలవాలి. చెట్టును చంపినవాణ్ణి మాత్రం వీధి క్షమించి ఊరుకోకూడదు. కొత్త మొక్క తెప్పించి, అది నిలదొక్కుకునేదాకా నీళ్లు పోసే బాధ్యత అతని మీదే పెట్టాలి.

మీ వీధిలోనూ చెట్టు పేరుతో మాటల్లేని ఇళ్లు రెండు ఉండే ఉంటాయి. తొలకరికి ముందే ఆ రెండు తలుపులూ తట్టండి. ఒక్కరే వెళ్లకండి, నలుగురూ కలిసి వెళ్లండి.