వాన కబురు కల్లం దాకా రావాలి

పల్నాడు రైతుకు వాన కబురు పొద్దుపోని మాట కాదు. కల్లంలో ఆరబోసిన మిర్చి మీద పట్టలు కప్పాలా, పత్తికి ఇవాళ మందు కొట్టాలా, రెండు రోజులు ఆగాలా అన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది. మందు కొట్టిన సాయంత్రమే జల్లు పడితే మందు ఖర్చు, కూలి ఖర్చు రెండూ నీళ్ళపాలే.

ఈ కబురును ముందుగా తెలుసుకోవడానికి దేశం పెడుతున్న ఖర్చు తక్కువేమీ కాదు. రుతుపవనాల అంచనా మెరుగుపరచడానికి 2012లో మాన్‌సూన్ మిషన్ మొదలైంది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం రెండేళ్ళకు 2,000 కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్‌ను ఆమోదించింది. పుణే శాస్త్రజ్ఞులు తయారుచేసిన కొత్త అంచనా విధానం 2025 మే నెలలో వాడుకలోకి వచ్చింది. లోగడ 12 కిలోమీటర్ల గడి చొప్పున లెక్క కట్టేవారు. ఇప్పుడది 6 కిలోమీటర్లకు దిగింది. అంటే ఒకే మండలంలో ఈ చివరి ఊరికీ ఆ చివరి ఊరికీ విడివిడిగా లెక్క కట్టవచ్చు.

సంతోషించవలసిన విషయమే. కాని పుణేలో కట్టిన లెక్క పల్లెలో మాటగా మారాలి కదా! ఆ పనికోసం కృషి విజ్ఞాన కేంద్రాలలో పెట్టిన 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు 2024లో దేశమంతటా మూతపడ్డాయి. యంత్రాలకు కోట్లు పోసి, వాటి మాటను విడమరచి చెప్పే మనిషిని తీసివేయడం పెద్ద కాలువ తవ్వి పంట బోదెలు పూడ్చినట్లే. ఆ సంగతి సాగర్ కుడి కాలువ రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు.

గుంటూరు దగ్గర లాం ఫారం నుంచి సలహాలు వస్తున్నాయి. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్ ఉంది. అయితే ఫోను చూసే తీరిక లేని కౌలురైతుకు, కల్లంలో కాయలు ఏరే కూలీలకు అవి చేరేదెలా? 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచాంగ్ వంటి పెద్ద తుపాను గురించి ముందే ఊరంతా తెలుస్తుంది. కల్లాన్ని ముంచే అకాల జల్లు గురించి చెప్పేవారే కరువు.

ప్రతి రైతు సేవా కేంద్రం ముందు రోజూ ఉదయాన్నే రాబోయే మూడు రోజుల వాన కబురు తేట తెలుగులో బోర్డు మీద రాయాలి. ఏ పైరుకు ఏం చేయాలో కూడా రాయాలి. నిన్న ఏం చెప్పారో, ఎంత కురిసిందో పక్కనే వేయాలి. 60 శాతం అవకాశం అంటే, అలా చెప్పిన పదిసార్లలో సుమారు ఆరుసార్లు కురుస్తుందని, నాలుగుసార్లు కురవదని రైతుకు వివరించాలి. అప్పుడే నమ్మకం కుదురుతుంది. తప్పిన అంచనాల లెక్క శాస్త్రజ్ఞులకు తిరిగి చేరితే వారి పనీ మెరుగుపడుతుంది.

దీనికి కోట్లు అక్కరలేదు. ఒక బోర్డు, ఒక సుద్దముక్క, బాధ్యతగల ఒక ఉద్యోగి చాలు. మిర్చి కల్లాలకు చేరేలోగానే జిల్లా అధికారులు ఈ ఏర్పాటు చేయాలి.