గృహవిజ్ఞానము: పగిలిన పోతయినుము

కుట్టుమిషను కాలు విరిగినచో ఇంటివారు మొదట అనెడిమాట “పాతయినుమువానికి వేసివేయుడు” అని. ఆ మిషనుపై రవికెలు కుట్టి పిల్లల బడిజీతములు కట్టుచున్న యిల్లాలికి ఆ మాట యెంత బరువో అనువారెఱుగరు. అట్టి సోదరీమణులకొఱకే ఈ నెల పోతయినుమునుగూర్చి వ్రాయుచున్నాము.

కరగించి అచ్చులో పోసినది పోతయినుము. మిషను కాళ్ళు, తొక్కుడుపలక, అట్లపెనము తఱచుగా ఈ జాతివే. దీనిలో నూటికి 2 మొదలు 4 పాళ్ళవఱకు కార్బను కలదు. అందు పెద్దభాగము సన్నని రేకులవలె లోపల పరచుకొనియుండుటచే ఈ యినుము బరువును చక్కగా మోయునుగాని వంగుట యెఱుగదు. దెబ్బ తగిలినను, ఒకవైపు వేడియు ఒకవైపు చల్లదనమును ఒక్కమాఱే సోకినను పగులును.

అతుకుటలోని చిక్కును ఇదియే. మంట తగిలినచోట ఇనుము కరగును. ప్రక్కభాగము చల్లగా నుండును. అతుకు చల్లారుచు ముడుచుకొని ప్రక్కభాగమును లాగును. అది సాగలేక టక్కున విచ్చును. తొందరగా చల్లారినచో అతుకు ప్రక్కనున్న యినుము ఆకురాయికైనను లొంగనంత గట్టిపడి మఱింత పెళుసగును.

గవర్నరుపేట సోదరీమణులకు దూరము పోవలసిన పని లేదు. బందరు రోడ్డు వెంట తూర్పునకు సాగినచో, 1966లో ఏర్పడిన జవహర్ ఆటోనగరు కలదు. లారీలను మరమ్మతుచేయుటయే అచటి ప్రధానవృత్తి. అయినను గేట్లు, కిటికీ ఊచలు అతుకు చేయి వేఱు, పోతయినుమును అతుకు చేయి వేఱు. కావున వస్తువు చేతికిచ్చుటకు ముందే “నాయనా, ఏ కడ్డీతో అతుకుదువు? ఎట్లు చల్లార్చుదువు?” అని అడుగవలెను. “నికెలు కడ్డీ” అన్నచో మంచిదే; అంగుళమంత అతికి, వెంటనే చిన్నసుత్తితో మెల్లగా తట్టి, చేయి ఆనించగలిగినంత చల్లారినపిదపనే మఱియొక అంగుళము అతుకవలెను. మఱియొక మార్గము, వస్తువునంతయు మసక ఎఱుపు వచ్చువఱకు నిదానముగా కాచి, పోతయినుప కడ్డీతోనే అతికి, పొడి యిసుకలోగాని బూడిదలోగాని పూడ్చి రాత్రియంతయు నుంచుట. “పావుగంట కూర్చోండమ్మా, ఇచ్చేస్తాను” అనువానికి మాత్రము ఇయ్యకుడు.

పగులు ఎంతదూరము పాకినదో కంటికి కనబడదు. దానిపై కిరసనాయిలుగాని డీసెలుగాని రాచి, కొంతసేపటికి శుభ్రముగా తుడిచి, సుద్దపొడి చల్లుడు. లోపలికి దిగిన నూనె పైకి ఊరి పొడిపై గీతవలె కనబడును. ఆ గీత కొనలయందు చిన్నరంధ్రము తొలిపించినచో పగులు ముందునకు సాగదు. అతుకుటకు ముందు ఆ నూనె యంతయు పోగొట్టవలెను సుమా.

అన్నిటికిని మంటయే శరణ్యమనుకొనరాదు. ఇంగ్లండులో సెవర్న్ నదిపై 1779లో నిలిపిన పోతయినుప వంతెనకు వెల్డింగు లేనేలేదు. వడ్రంగివాండ్రు కొయ్యను కూర్చినట్లే దాని భాగములను కూర్చిరి. నేటికిని అది నిలిచియున్నది. విరిగిన మిషను కాలికి ఇరువైపుల ఉక్కుపట్టీలు వేసి బోల్టులు బిగించినచో చూపునకు అందముగా నుండకపోవచ్చును, పని మాత్రము ఆగదు. మిషను తలభాగము పగిలినప్పుడు మేము ఈ మార్గమునే మేలని చెప్పుదుము. ఏలయన అచట మంట తగిలినచో ఇరుసుల సూటి చెడి, అతుకు నిలిచినను కుట్టు కుదురదు.

అట్లపెనమును అతికింపవద్దు. దినదినము కాగి చల్లారుటచే ఆ అతుకు మఱల విచ్చును. ఇత్తడివంటి లోహముతో అతికినచో అది ఆహారమునకు తగులును. దానిని నిస్సంశయముగా పాతయినుమువాని కిచ్చివేయవచ్చును, కరగి మఱల పోతకు వచ్చును. క్రొత్త పెనము కొనునప్పుడు దానిని వ్రేలికి వ్రేలాడదీసి కణుపుతో కొట్టి చూడుడు. గంటవలె ఖంగుమన్నచో తీసికొనుడు. బొద్దుగా మ్రోగినచో, అంగడివాడు ఎంత తగ్గించినను, అచటనే యుంచి రండు.