తెలుగు తెలిసిన కాపలా కావాలి

‘ఏ క్లాసు బంగారం? ఇంట్లో ఎవరైనా ఉన్నారా? మన సంగతి అమ్మకు చెప్పకు’. ఆన్‌లైన్‌లో పసివాళ్లకు వల వేసేవాడి మాటలు ఇంత తియ్యగా మొదలవుతాయి. అందులో బూతు ఉండదు, బెదిరింపు ఉండదు. పైగా అది ఆంగ్ల అక్షరాల్లో టైపు చేసిన తెలుగు. ఇంగ్లిషు బూతులను ఏరడం నేర్చిన యంత్రానికి అందులో ఆపద కనిపించదు. ఇంట్లో నాయనమ్మకు చదివి వినిపిస్తే ఇట్టే పసిగడుతుంది. ఆ ఎరుకను సాఫ్ట్‌వేర్‌కు నేర్పాల్సింది తెలుగు నేలపై పుట్టిన యువ ఇంజినీర్లే. ఆ పనికి మేడ్చల్, శామీర్‌పేట ఎంతో అనువైన చోటు.

1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉంది. 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం దానికి దగ్గర్లోనే ఉంది. మేడ్చల్ దారిలో కండ్లకోయ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి. ఆ పక్కనే పారిశ్రామికవాడల్లో తల్లిదండ్రులు షిఫ్టులు చేస్తుంటే, బడి నుంచి వచ్చిన పిల్లలకు ఫోనే తోడవుతోంది. చట్టం చదివేవారు, కోడ్ రాసేవారు, రక్షణ అవసరమైన పిల్లలు ఇంత దగ్గరగా ఉండీ ఒకరికొకరు తెలియకపోవడం మన తప్పు.

ఉన్న సాధనాలు చాలవు. మైక్రోసాఫ్ట్ 2009లో ఆచార్య హనీ ఫరీద్‌తో కలిసి రూపొందించిన ఫొటోడీఎన్ఏ, ఇదివరకే గుర్తించిన అకృత్య చిత్రాలకు వేలిముద్రల వంటి సంకేతాలు తయారుచేసి, అవి మళ్లీ ఎక్కడ తేలినా పట్టిస్తుంది. ఇప్పుడే తీసిన ఫొటో, కృత్రిమ మేధ ఇప్పుడే పుట్టించిన బొమ్మ, మాయమాటల సంభాషణ దానికి చిక్కవు. బాహాటంగా అన్న మాటల సంగతీ అంతే: 2024 జులైలో తండ్రీకూతుళ్ల వీడియోపై ఒక యూట్యూబర్ నీచ వ్యాఖ్యలు చేసినప్పుడు, జనం ఆగ్రహించాకే అరెస్టు జరిగింది. అప్పటికే ఆ మాటలు ఊరూరా తిరిగాయి.

రక్షణ పేరుతో నిఘా పెట్టడాన్ని మేం ఒప్పుకోం. పిల్లవాడి ప్రతి మాటనూ ఎక్కడో సర్వర్‌లో పోగుచేసే యాప్ దొంగలకు మరో ఖజానా తెరుస్తుంది. 18 ఏళ్లలోపు వారి ప్రవర్తనను కంపెనీలు వెంబడించరాదని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కాబట్టి పరిశీలన ఫోన్‌లోనే జరగాలి. ప్రమాదం తోస్తే పిల్లలకు వాళ్ల భాషలోనే హెచ్చరిక రావాలి. ఒక్క నొక్కుతో పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ కలవాలి.

ప్రభుత్వం చేయాల్సిన పని ఒకటుంది, అది ప్రభుత్వం మాత్రమే చేయగలదు. పిల్లలపై లైంగిక అకృత్యాల చిత్రాలను చూడటం, దాచుకోవడం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న తేల్చిచెప్పింది. ఆ తీర్పు నూటికి నూరుపాళ్లు సరైనది. అందువల్లే ఏ స్టార్టప్ అయినా అలాంటి చిత్రాలను పట్టే సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా పరీక్షించుకోలేదు, పరీక్షించుకోకూడదు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పర్యవేక్షణలో, న్యాయ నిపుణుల కళ్లెదుట నడిచే పరీక్షశాలను శామీర్‌పేటలో నెలకొల్పాలి. పిల్లల ఆనవాళ్లు తొలగించిన తెలుగు సంభాషణలను అక్కడ సిద్ధం చేయాలి. తయారైన సాధనాన్ని తొలుత గురుకులాలు, ప్రభుత్వ బడుల కోసం ప్రభుత్వమే కొనాలి. పిల్లల భద్రతపై లాభం త్వరగా రాదు, కనుక మొదటి కొనుగోలుదారు లేనిదే ఆ యువకులు రెండో ఏడాది నిలబడలేరు.

చదువు ముగించిన యువతీయువకులకు మా విన్నపం ఇది: మీ నైపుణ్యంలో కొన్నేళ్లు మీ వీధిలోని పిల్లలకు ఇవ్వండి. ఆపద వస్తే 1098కి ఫోన్ చేయాలని ప్రతి ఇంట్లో పిల్లలకు నేర్పుదాం. ఆ ఫోన్ చేసే అవసరమే రాకుండా చూసే పని శామీర్‌పేటలో ఈ ఏడే మొదలుకావాలి.