కొరంగీలు లేని యుద్ధ చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధం తెలుగునేలను తాకీ తాకకుండా వెళ్ళిపోయిందన్న అభిప్రాయం తెలుగు సాహిత్య, సాంఘిక చరిత్ర రచనలో చాలాకాలంగా స్థిరపడి ఉంది. 1939–45 మధ్యకాలాన్ని వివరించేటప్పుడు అభ్యుదయ సాహిత్యోద్యమం, క్విట్ ఇండియా, తెలంగాణ రైతాంగ పోరాటానికి దారితీసిన పరిస్థితులు ముందుకు వస్తాయి. యుద్ధం మాత్రం కంట్రోలు బియ్యం, కిరోసిన్ కొరత, కాగితపు కరవు రూపంలో ఆ ఉద్యమాలకు నేపథ్యంగా మిగిలిపోతుంది. యుద్ధం ఎక్కడో జరిగింది, తెలుగువారు దాని ధరలు భరించారు, అంతే అన్నట్టు సాగే ఈ కథనం నిలబడదు. సమాచారం లేకపోవడం ఇందుకు ఒక చిన్న కారణం మాత్రమే. యుద్ధ చరిత్ర అంటే పటాలాల చరిత్ర అన్న వలస పాలకుల నిర్వచనాన్ని తెలుగు పరిశోధన విచారణ లేకుండా స్వీకరించడం అసలు కారణం. ఆ నిర్వచనాన్ని తిరస్కరించనంత కాలం, యుద్ధంలో అత్యధికంగా నష్టపోయిన తెలుగువారు తెలుగు చరిత్రలోనే కనిపించరు.

రెండు పేర్లు

ఇతర భాషలవారు తెలుగువారికి పెట్టిన రెండు పేర్ల నుంచి ఈ చర్చను మొదలుపెట్టడం సమంజసం. మొదటిది 'తిలంగా'. పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ దక్షిణాదిన సమకూర్చుకున్న సిపాయిలలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారు క్లైవు సేనలతో బెంగాలు చేరాక, ఉత్తరాదిన 'తిలంగా' అన్న మాట సిపాయికి పర్యాయపదంగా మారింది. 1857లో ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిలు ప్రధానంగా అవధ్, బీహారు ప్రాంతాలవారు. అయినా నగరవాసులు వారిని తిలంగాలనే వ్యవహరించారు. ఒక జాతినామం వృత్తినామంగా స్థిరపడిన అరుదైన ఉదాహరణ ఇది. తెలుగువారి సైనిక ఘనతకు నిదర్శనంగా దీనిని ఉటంకించడం పరిపాటి.

రెండవ పేరు 'కొరంగీ'. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళిన తెలుగువారిని అక్కడివారు ఆ రేవు పేరుతోనే పిలిచారు. క్రమంగా ఆ పేరు రేవులో బరువులు మోసే కూలీకి, రిక్షా లాగేవానికి, పాకీ పనివానికి అంటుకుని తిరస్కార వాచకమైంది. మొదటి పేరును సగర్వంగా స్మరించే పరిశోధన రెండవదానిని దాదాపు విస్మరించింది. ఆయుధం పట్టిన తెలుగువానికి దక్కిన గుర్తింపు బరువు మోసిన తెలుగువానికి దక్కలేదు.

ఈ రెండు పేర్లకు నడుమ ఒక రాజకీయ నిర్ణయం ఉంది. పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాలలో బ్రిటిష్ సైన్యాధికారులు 'యుద్ధజాతుల' సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ దక్షిణాది సిపాయిల యుద్ధ సామర్థ్యాన్ని శంకించినవారిలో ప్రముఖుడు. ఆ సిద్ధాంతం ప్రకారం పంజాబు, నేపాలు వైపు సైనిక నియామకాలు మళ్ళాయి. మద్రాసు శాపర్స్ వంటి ఇంజనీరు దళాలు నిలిచినా, మద్రాసు పదాతి దళాలు 1920ల చివరికల్లా రద్దయ్యాయి. రెండవ ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక గాని మద్రాసు రెజిమెంటు మళ్ళీ రూపుదిద్దుకోలేదు. ఏ జాతి పేరు సిపాయికి పర్యాయపదమైందో ఆ జాతినే యుద్ధానికి పనికిరానిదిగా తీర్మానించారన్నమాట. తెలుగు పరిశోధకులు ఈ సిద్ధాంతాన్ని జాత్యహంకారమని ఖండిస్తారు. అయితే పటాలంలో లేనివానికి యుద్ధ చరిత్రలో చోటు లేదన్న దాని పర్యవసానాన్ని మాత్రం మౌనంగా అంగీకరిస్తారు.

రంగం రేవు

తెలుగు పల్లెల్లో రంగూన్ పేరు 'రంగం'. వరి కోతల కాలానికో, బియ్యపు మిల్లుల పనికో, రేవు పనికో రంగం వెళ్ళి నాలుగు డబ్బులతో తిరిగి రావడం విశాఖపట్నం, గోదావరి జిల్లాల పేద కుటుంబాలకు తరాలపాటు అలవాటైన జీవనక్రమం. 1931 జనగణన నాటికి బర్మాలోని భారతీయుల సంఖ్య పది లక్షలు దాటింది. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా వారే. రేవు కూలీలలో తెలుగువారిదే ప్రధాన సంఖ్య. 1930 మే నెలలో వారు సమ్మెకు దిగినప్పుడు ఓడల కంపెనీలు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. రాజీ కుదిరి తెలుగువారు తిరిగి పనిలోకి రాగానే బర్మా కూలీలను తొలగించాయి. ఆ కారణంగా మే 26న చెలరేగిన దాడులలో తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో హతులయ్యారు. యజమానులు రెండు పేద వర్గాలను ఒకరిపై ఒకరిని ఎలా ఉసిగొల్పారో చెప్పే ఈ ఘటన తరువాతి విషాదానికి పూర్వరంగం.

1941 నాటికి రంగూన్ రేవు యుద్ధానికి కీలకస్థానం. అమెరికా చైనాకు పంపే ఆయుధ సామగ్రి ఇక్కడే దిగి, రైలులో లాషియో చేరి, అక్కడి నుంచి బర్మా రోడ్డు మీదుగా చైనాకు వెళ్ళేది. ఆ ఆయుధాలను ఓడల నుంచి దించింది తెలుగు కూలీల భుజాలే. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు నగరంపై బాంబులు కురిపించాయి. వేయికి పైగా జనం మరణించారు. డిసెంబరు 25న దాడి పునరావృతమైంది. కూలీలు పారిపోయారు, రేవు స్తంభించింది.

బ్రిటిష్ యుద్ధ చరిత్రకారులు ఈ పరిణామాన్ని నమోదు చేయకపోలేదు. నమోదు చేసిన తీరే ఆక్షేపణీయం. ఏ ఓడలో ఎంత సరుకు ఆగిపోయిందో వారు చెబుతారు. ఆ సరుకు దించే మనిషి మాత్రం 'కార్మికుల కొరత' అన్న మాటలో మాయమవుతాడు. పనిచేసినంత కాలం అతనికి పేరు లేదు, పని మానిన రోజున అతడు ఒక కొరతగా చరిత్రకెక్కాడు. అప్పటి బర్మా ప్రభుత్వం ఉత్తర దిశగా నడక సాగించిన జనాన్ని వెనక్కి మళ్ళించడానికి ప్రయత్నించింది. రేవు పనికి అవసరమైన మగవారు ఓడలెక్కి వెళ్ళిపోకుండా ఆంక్షలు విధించింది. సైనికునికి స్థానం విడిచిపోయే హక్కు ఉండదు. ఆ నిర్బంధాన్ని కూలీకీ వర్తింపజేసిన ప్రభుత్వం, సైనికునికి ఇచ్చే రక్షణను గాని, మరణానంతర గుర్తింపును గాని అతనికి ఇవ్వలేదు.

నడక

1942 మార్చి 8న రంగూన్ జపాను వశమైంది. సముద్రమార్గం మూసుకుపోయాక మిగిలింది కాలిబాట. కొందరు ప్రోము నుంచి టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరం మీదుగా చిట్టగాంగు చేరారు. కొందరు తమూ మీదుగా మణిపూరు, దీమాపూరు చేరారు. ఈ దారులు కూడా మూసుకుపోయాక చివరి గుంపులు వానాకాలంలో హుకాంగ్ లోయ అడవుల గుండా అస్సాములోని లీడో వైపు నడిచాయి. కలరా, మలేరియా, ఆకలి దారిపొడవునా వెంటాడాయి. యూరోపియన్లకు ఒక దారి, భారతీయులకు మరొక దారి కేటాయించారన్న ఆరోపణ అప్పట్లో దేశమంతటా తీవ్ర నిరసనకు కారణమైంది.

నడిచినవారు నాలుగైదు లక్షలని అంచనా. మరణించినవారి సంఖ్య పదివేలని ఒకరు, యాభైవేలని ఒకరు, అంతకంటె ఎక్కువని మరొకరు అంటారు. అంచనాల నడుమ ఇంతటి అంతరం ఉండటమే గమనించదగిన విషయం. బర్మాలోని టాక్యన్ యుద్ధ స్మారకంపై, సమాధి దొరకని సైనికుల పేర్లు సుమారు 27,000 చెక్కి ఉన్నాయి. వారిలో అత్యధికులు భారత సైన్యానికి చెందినవారు. అంటే దేహం దొరకనివారి పేర్లను సైతం సామ్రాజ్యం భద్రపరచగలిగింది. అదే దేశంలో, అదే యుద్ధంలో, అవే దారుల్లో మరణించిన కూలీలను పదివేలో యాభైవేలో తేల్చుకోలేకపోయింది.

ఇది బర్మాకే పరిమితమైన అన్యాయం కాదు. 1943 అక్టోబరులో పూర్తయిన సుమారు 415 కిలోమీటర్ల సయాం–బర్మా రైలుమార్గ నిర్మాణంలో పన్నెండు వేలకు పైగా మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు మరణించారు. వారికి వరుసలు తీర్చిన సమాధులున్నాయి, పేర్లున్నాయి, సినిమాలున్నాయి. అదే నిర్మాణంలో మరణించిన ఆసియా కూలీలు సుమారు తొంభై వేలని అంచనా. మలయా తోటల నుంచి తరలించిన తమిళులతో పాటు తెలుగువారూ వారిలో ఉన్నారు. ఖైదీల లెక్క పేర్లతో తేలింది, కూలీల లెక్క అంచనాగానే మిగిలింది.

1942 ఏప్రిల్ 6

యుద్ధం తెలుగునేలకు రాలేదన్న వాదాన్ని ఖండించడానికి ఒక్క తేదీ చాలు. 1942 ఏప్రిల్ తొలి వారంలో వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలోని జపాను నౌకాదళం బంగాళాఖాతంలో ప్రవేశించి ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచింది. ఏప్రిల్ 6న ఆ దళంలోని ర్యూజో విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవులపై బాంబులు వేశాయి. ప్రాణనష్టం స్వల్పమే, భయం మాత్రం అపారం. విశాఖపట్నం చాలావరకు ఖాళీ అయింది. 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణ కేంద్రం పని కుంటుపడింది. అక్కడ తయారైన తొలి ఓడ 'జల ఉష' 1948 మార్చిలో గాని నీళ్ళపైకి రాలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సైతం యుద్ధకాలంలో వాల్తేరు విడిచి గుంటూరుకు తరలవలసి వచ్చింది. తన విద్యాపీఠమే కాందిశీకురాలైన సంగతిని మరచి, యుద్ధం తెలుగువారికి నేపథ్యం మాత్రమేనని తెలుగు పరిశోధన బోధించడం విడ్డూరం.

అభ్యంతరాలు

ఈ వాదనకు మూడు అభ్యంతరాలు ఎదురుకావచ్చు. ఇది వలసల చరిత్రే గాని యుద్ధ చరిత్ర కాదన్నది మొదటిది. ఆయుధ సామగ్రిని దించిన శ్రమ, శత్రు విమానాలు లక్ష్యంగా ఎంచుకున్న రేవు, తిరోగమిస్తున్న సైన్యంతో పాటు నడిచిన జనం యుద్ధంలో భాగం కాకపోతే, యుద్ధం అన్న మాటకు తుపాకి పేలడమే అర్థమవుతుంది. సైన్యాధికారులైనా అంత సంకుచితమైన అర్థాన్ని అంగీకరించరు. రవాణా లేనిదే రణం లేదని వారికి తెలుసు.

ఆధారాలు లేవన్నది రెండవది. జనగణన నివేదికలు, ప్రభుత్వ పత్రాలు ఉన్నాయి. హ్యూ టింకర్ 1975లోనే ఈ ప్రయాణంపై విపులమైన వ్యాసం ప్రచురించి, దీనిని మరచిపోయిన మహాప్రయాణంగా శీర్షికలోనే పేర్కొన్నాడు. అమితవ్ ఘోష్ 2000లో వెలువరించిన 'ది గ్లాస్ ప్యాలెస్' నవలలో ఈ నడకకు చోటిచ్చాడు. ఆంగ్లంలో పరిశోధనకు, నవలకు అందిన ఆధారాలు తెలుగులో మాత్రం అందలేదనడం సాకు. పైగా తెలుగు శాఖలకు మాత్రమే సాధ్యమైన ఆధారం మరొకటి ఉంది. అది మౌఖిక సాహిత్యం. రంగం చుట్టూ అల్లుకున్న పాటలు, సామెతలు, ఇంటిపేర్లకు తోడైన మారుపేర్లు, బర్మా నుంచి తెలుగులోకి వచ్చిన మాటలు ఏ దండయాత్రా నివేదికలోనూ దొరకవు. జ్ఞాపకం నమ్మదగినది కాదని దానిని తోసిపుచ్చేవారు, పదివేలకూ యాభైవేలకూ నడుమ ఊగిసలాడే అధికారిక అంచనాల విశ్వసనీయతను కూడా అంతే నిష్కర్షగా పరీక్షించాలి.

మూడవ అభ్యంతరం అన్నిటికంటె ప్రమాదకరమైనది. జాతి చరిత్రకు వీరులు కావాలి, బాధితులు ఎందుకన్నది దాని సారాంశం. 1918లో హైఫా వద్ద పోరాడిన ఆశ్విక దళం స్మృతిగా ఢిల్లీలో నిలిచిన మూడు విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు సంస్థానాల లాన్సర్లకు ప్రతీకలు. ఆ స్మరణ తప్పు కాదు. కాని ఒక్కరోజు యుద్ధానికి రాజధానిలో కూడలి ఉండి, నెలల తరబడి సాగిన నడకకు పాఠ్యపుస్తకంలో పేరా కూడా లేకపోవడాన్ని సమతుల్యమైన స్మృతి అనలేము. వీరుల జాబితాను పొడిగించడంతో ఈ లోపం తీరదు. యుద్ధజాతుల సిద్ధాంతానికి జవాబు తెలుగువారు కూడా యుద్ధజాతే అని నిరూపించడం అయితే, ఆ సిద్ధాంతం గెలిచినట్టే.

ఉపసంహారం

చేయవలసిన పని స్పష్టంగా ఉంది. 1942లో పదేళ్ళ వయసున్న పిల్లలు నేడు తొంభై దాటిన వృద్ధులు. ఆ నడకను చూసిన కళ్ళు ఇక కొద్దికాలమే మిగిలి ఉంటాయి. శ్రీకాకుళం నుంచి కాకినాడ వరకు రంగం వెళ్ళి వచ్చిన కుటుంబాల కథనాలను సేకరించడం అన్నిటికంటె ముందు జరగాలి. విశాఖపట్నంలో 'బర్మా క్యాంపు' అన్న పేరుతో నేటికీ వాడుకలో ఉన్న పేట బర్మా నుంచి తిరిగి వచ్చినవారి ఆనవాలు. 1960లలో బర్మా జాతీయీకరణ విధానాల వల్ల జరిగిన ఆ రెండవ నిష్క్రమణను 1942తో కలిపి పరిశీలించాలి. నేటికీ మయన్మార్‌లో నివసిస్తున్న తెలుగువారి భాషను కేవలం మాండలిక విశేషంగా గాక, వెళ్ళలేక అక్కడే మిగిలినవారి చరిత్రగా చదవాలి. 'రంగం', 'కొరంగీ' వంటి పదాలకు నిఘంటువులు చరిత్రతో కూడిన ఆరోపాలు చేర్చాలి. ఏటా వెలువడే సిద్ధాంత గ్రంథాలలో కొన్నయినా ఇటు మళ్ళాలి.

సామ్రాజ్యం తన సైనికుల పేర్లు రాతిపై చెక్కుకుంది, ఎందుకంటే వారు తనవారని అది భావించింది. కొరంగీలను ఆ సామ్రాజ్యం తనవారనుకోలేదు. వారి పేర్లను ఇప్పుడు నమోదు చేయగలిగినది వారి భాష ఒక్కటే. ఆ భాషకు ఆచార్యపీఠాలు ఉన్నాయి, పరిశోధక విద్యార్థులు ఉన్నారు, పత్రికలు ఉన్నాయి. ఇన్ని ఉండి కూడా ఆ పని జరగకపోతే, ఇకమీదట ఈ విస్మరణకు బాధ్యత బ్రిటిష్ చరిత్రకారులది కాదు.