ఇంట్లో ఎవరూ లేరా?

నెల మొదటి ఆదివారం, సాయంత్రం ఆరు గంటలు. డిస్కౌంట్ స్టోర్‌లో బిల్లు కోసం నలభై నిమిషాలు వరసలో నిలబడ్డాక మా అమ్మ మోకాళ్ళు ఇక మొరాయించాయి. పక్కన పేర్చిన బియ్యం బస్తాల మీద కూలబడింది. అమ్మకు 74 ఏళ్ళు. నిమిషం గడవకముందే యూనిఫాం వేసుకున్న కుర్రాడొకడు వచ్చాడు. "మామ్మగారూ, స్టాకు మీద కూర్చోకూడదు, లేవండి." మరెక్కడ కూర్చోమంటావు నాయనా అని అడిగింది అమ్మ. అతను చుట్టూ చూశాడు. రెండంతస్తుల దుకాణంలో ఒక్క స్టూలు లేదు. ఏం చెప్పాలో తోచక అన్నాడు: "ఇంట్లో ఎవరూ లేరా అమ్మా? వాళ్ళని పంపొచ్చుగా."

చిరిగిన కందిపప్పు పాకెట్ మార్చుకుని నేనొచ్చేసరికి అమ్మ ట్రాలీ కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. దారి పొడుగునా మాట్లాడలేదు. రాత్రి అన్నాల దగ్గర మాత్రం "నేనింక రానులేరా" అంది.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. పొద్దుటి నుంచీ అతనూ నిలబడే ఉన్నాడు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు ఇస్తూ చట్టాలు సవరించాల్సి వచ్చిందంటే ఈ వ్యాపారాలు మనిషి కాళ్ళను ఎలా చూస్తాయో తెలుసుకోవచ్చు. పనివాడికే కుర్చీ వెయ్యనివాడు కొనేవాళ్ళకు వేస్తాడా? నా కోపమంతా అతని నోట ఆ ప్రశ్న పలికించిన యాజమాన్యం మీద. ముసలివాళ్ళూ కుంటివాళ్ళూ తమ ఖాతాదారులు కారని, ఎవరో పంపితే వచ్చిన మనుషులని అనుకునే బుద్ధి మీద.

చాలా ఇళ్ళల్లో ఎవరూ లేరు. అదీ జవాబు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న ఇళ్ళు మన ఊళ్ళల్లో వీధికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. ఉన్నా సరే, పంపకూడదని ఆమె అనుకుంటే? యాభై ఏళ్ళు ఆ ఇంటి వంటగది నడిపిన మనిషి, పప్పు అరచేతిలో పోసుకుని చూసి కొనుక్కోవాలనుకుంటే, దానికి ఎవరి అనుమతి కావాలి?

"ఇబ్బందైతే వేరే కొట్టుకు వెళ్ళొచ్చుగా" అనేవాళ్ళున్నారు. డిస్కౌంట్ స్టోర్‌కు ఎవరు వస్తారో వాళ్ళకు తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. తెలంగాణలో 2,016. ఆ డబ్బుతో నెల గడిపే మనిషికి నూనె పాకెట్ మీద తగ్గే పదిహేను రూపాయలు, సబ్బుల కట్ట మీద తగ్గే ఇరవై రూపాయలు రెండు పూటల పాలు. అందరికంటే ఆ తగ్గింపు అవసరమున్నది వాళ్ళకే. వాళ్ళే అందుకోలేని చోట దాన్ని పెట్టి, తక్కువకు అమ్ముతున్నాం కాబట్టి సదుపాయాలు అడక్కండి అంటారు. మీరు మిగుల్చుకున్న కుర్చీ ఖరీదు మా అమ్మ మోకాళ్ళు కడుతున్నాయి.

"ఫోన్లో తెప్పించుకోవచ్చుగా" అనేది రెండో సలహా. కనీసం ఇంత కొనాలని షరతు, డెలివరీకి ఛార్జీ, కనపడని అక్షరాల్లో ఓటీపీ. అన్నీ కుదిరినా సరే, నాలుగు గోడల మధ్య ఉండే మనిషికి నెలకోసారి బజారు మొహం చూడటమూ అక్కర్లేదని తేల్చెయ్యడానికి మీరెవరు?

నా స్నేహితుడికి చిన్నప్పుడే పోలియో. రెండు చంకల కింద కర్రలు. అలాంటి దుకాణానికే అతనితో వెళ్ళాను. గుమ్మం దగ్గర ర్యాంపు ఉంది. దాని మీద ఖాళీ ట్రాలీల బారు ఉంది. మూడు మెట్లు ఎక్కాడు. భుజాన ఉన్న సంచి కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోమన్నారు. రెండు చేతులూ కర్రల మీద ఉన్న మనిషి టోకెన్ ఏ చేత్తో పట్టుకోవాలి? లోపల వరసలు అసలే ఇరుకు, వాటి మధ్యలో ఆఫరు పెట్టెలు గుట్టలు పోశారు. చక్రాల కుర్చీ మాట దేవుడెరుగు, కర్ర మోపడానికి చోటు లేదు. బట్టలు పై అంతస్తులో. ఎస్కలేటర్ మీద కర్రలతో ఎక్కడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. లిఫ్టు దగ్గరకు వెళ్తే "ఇది సామాన్లకే సార్" అన్నారు. బిస్కెట్ పెట్టె లిఫ్టులో వెళ్తుంది, మనిషి వెళ్ళకూడదు! కొన్నాక, బిల్లు కట్టాక, బయటికెళ్ళే తలుపు దగ్గర ఆ బిల్లు మీద ముద్ర కోసం మళ్ళీ వరస. అతను నాతో ఒక్క ముక్క ఫిర్యాదు చెయ్యలేదు. అది నన్ను ఇంకా కాల్చేసింది. ముప్పై ఏళ్ళుగా ఇదే చూస్తున్న మనిషికి ఫిర్యాదు చెయ్యడం కూడా అలవాటు తప్పిపోయింది.

ఇదంతా దయతో చెయ్యాల్సిన పని అనుకుంటున్నారేమో, కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో "ప్రజా భవనం" అంటే ప్రభుత్వ కార్యాలయం ఒక్కటే కాదు. జనం వచ్చి పోయే వ్యాపార భవనం, ప్రైవేటుదైనా సరే, అందులోకే వస్తుంది. నిబంధనలు పాటించని ప్లానుకు అనుమతే ఇవ్వకూడదని 44వ సెక్షన్. పాత భవనాలను అయిదేళ్ళలో సరిచెయ్యాలని 45. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో. 2022 జూన్‌తో ఆ గడువు తీరిపోయింది. ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు జరిమానా, తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా. మన ఊళ్ళో ఏ దుకాణమైనా కట్టగా విన్నారా? నేను వినలేదు.

2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో సంగతి బయటపెట్టింది. ఈ చట్టం తప్పనిసరి అన్నదాన్ని దాని కింద రాసిన నిబంధన వట్టి సలహాగా మార్చేసిందని చెప్పి ఆ నిబంధనను కొట్టేసింది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో రాయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం తయారుచేసింది. ఇంటి పక్కనే ఇంత పని జరిగింది. మన బజారులో ర్యాంపు మీద ట్రాలీలు మాత్రం కదలలేదు. వికలాంగులన్న పేరు తీసేసి దివ్యాంగులన్నాం. పేరు మార్చిన శ్రద్ధ మెట్టు మార్చడంలో ఎందుకు లేదు?

వృద్ధులకైతే ఆ మాత్రం కూడా లేదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం ఆసుపత్రుల్లో వాళ్ళకు వేరే వరస ఉండాలంది. ముసలితనమంటే రోగమేనని అనుకున్నట్టున్నారు, దుకాణం గుర్తుకు రాలేదు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రేషన్ పంపిణీని మళ్ళీ చౌకడిపోలకు మార్చినప్పుడు కూడా 65 ఏళ్ళు దాటినవాళ్ళకు, దివ్యాంగులకు సరుకులు ఇంటికే చేర్చాలని పెట్టింది. చౌకడిపో డీలరు చెయ్యాల్సిన పనిలో పదోవంతు ఈ పెద్ద దుకాణాలు ఎందుకు చెయ్యవు?

నేనడిగేది గొంతెమ్మ కోరిక కాదు. పది బిల్లు కౌంటర్లలో ఒకటి వృద్ధులకు, దివ్యాంగులకు, నిండు గర్భిణులకు కేటాయించండి, పండగ రద్దీలో కూడా దాన్ని మూయకండి. వరస పక్కన నాలుగు కుర్చీలు వెయ్యండి. లిఫ్టు మనుషులకు తెరవండి. ర్యాంపు ఖాళీగా ఉంచండి. పై అరలోది దించి ఇవ్వడానికి, ధర చదివి చెప్పడానికి ఒక మనిషిని పెట్టండి, అతనికీ ఒక స్టూలు వెయ్యండి. ఇంతే. మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ వాళ్ళను కూడా అడుగుతున్నాను: ఈ భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన రోజు మీరు ఆ మెట్లు చూశారా, లేదా? ఇదే ప్రశ్న రాసి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు అర్జీ పంపుతున్నాను.

ఈ నెల సరుకుల చీటీ అమ్మ రాసి నా చేతికిచ్చింది. నేను తీసుకోలేదు. ఆదివారం ఇద్దరం కలిసే వెళ్తున్నాం. ఇంట్లో ఉన్న మడత కుర్చీ పట్టుకెళ్ళి బిల్లు వరసలో వేస్తాను. అమ్మ అందులో కూర్చుంటుంది. లేవమనడానికి ఎవరొస్తారో రమ్మనండి.