మందసం, కొలిమి, వెట్టి

ఎబెనెజరు దగ్గర ఇశ్రాయేలీయులు దండు దిగారు. ఎదురుగా ఆఫెకులో ఫిలిష్తీయులు. తొలి పోరులోనే 4,000 మంది కూలారని సమూయేలు మొదటి గ్రంథం చెబుతుంది. మిగిలినవాళ్లు పాళెం చేరాక పెద్దలు కూర్చుని, ఎందుకు ఓడామని తమను తాము అడిగారు. బలగం చాలలేదా, ఆయుధాలు సరిలేవా, గోత్రాలన్నీ కలిసి రాలేదా అన్న మాటే అక్కడ లేదు. షిలోహు గుడి నుంచి దేవుడి పెట్టె అయిన నిబంధన మందసాన్ని తెప్పిస్తే అదే కాపాడుతుందని తేల్చేశారు. మందసం రాగానే నేల దద్దరిల్లేలా కేకలు పెట్టారు. ఆ కేకలకు ఫిలిష్తీయులు మొదట బెదిరారు. తర్వాత, దాసులై బతకడం కన్నా పోరాడడమే మేలని ఒకరికొకరు చెప్పుకుని మీదపడ్డారు. ఈసారి 30,000 మంది చనిపోయారు. మందసం శత్రువుల పాలైంది. దాని వెంట వచ్చిన పూజారులు హొఫ్నీ, ఫీనెహాసు అక్కడే హతమయ్యారు. కబురు విన్న వాళ్ల తండ్రి ఏలీ, 98 ఏళ్ల వృద్ధుడు, పీఠం మీంచి వెనక్కి పడి మెడ విరిగి ప్రాణం విడిచాడు.

ఆ అంకెలను చరిత్రగా తీసుకోలేం. ఆనాటి కొండ పల్లెల మొత్తం జనాభాయే కొన్ని పదుల వేలని పురావస్తు పరిశోధకుల అంచనా. అంకెలను పక్కన పెట్టినా ఈ కథ నాకు విలువైనదే. దేవుడి పెట్టె వెంట ఉన్నా ఓడిపోయామని ఒక జాతి తన పవిత్ర గ్రంథంలోనే రాసుకుంది.

ప్రసంగాల్లో ఈ కథకు జవాబు సిద్ధంగా ఉంటుంది: దేవుణ్ణి విడిచారు కాబట్టి ఓడారు, మళ్లీ పట్టుకున్నప్పుడు గెలిచారు. గెలిచినా ఓడినా తప్పని రుజువు కాని వివరణ ఇది. ఇలాంటిది దేన్నీ వివరించదు. పైగా ఇది ఇశ్రాయేలీయుల సొత్తు కూడా కాదు. 1868లో నేటి జోర్డాన్‌లోని దీబోను దగ్గర ఒక నల్లరాతి శాసనం బయటపడింది. క్రీ.పూ. 9వ శతాబ్దంలో మోయాబు రాజు మేషా చెక్కించినది. ఇశ్రాయేలు రాజు ఒమ్రీ తమను ఎన్నో నాళ్లు అణచడానికి కారణం తమ దేవుడు కెమోషు తన దేశం మీద కోపించడమేనని అందులో ఉంది. తర్వాత కెమోషు ఆజ్ఞ మీద తాను గెలిచానని, యెహోవా గుడి సామగ్రిని కెమోషు ముందుకు ఈడ్చుకొచ్చానని రాజు చెప్పుకున్నాడు. దేవుడి పేరు మారింది, లెక్క అదే. రెండు దేశాలూ తమ ఓటమికి ఒకే కారణం చెప్పుకుంటే, ఆ కారణం ఏ ఒక్కదాని చరిత్రనూ మనకు తెలియజెప్పదు.

అసలు కారణాలు అదే గ్రంథంలో ఉన్నాయి. షిలోహులో బలి మాంసం కుండలో ఉడుకుతుంటే ఏలీ కొడుకుల పనివాడు మూడు ముళ్ల కొంకి దించి, దానికి చిక్కినదంతా లాక్కుపోయేవాడు. పచ్చి మాంసమే కావాలని, ఇవ్వకపోతే బలవంతాన తీసుకుంటామని బెదిరించేవాడు. తమ ముద్దను కొల్లగొట్టిన పూజారుల వెనకే ఆ జనం యుద్ధానికి నడవాల్సి వచ్చింది.

కొలిమి సంగతి ఇంకా ముఖ్యం. ఇశ్రాయేలు దేశమంతటా కమ్మరి లేకుండా ఫిలిష్తీయులు చూసుకున్నారు. నాగటి కర్రుకు, గొడ్డలికి పదును కావాలంటే రైతు కొండ దిగి శత్రువు కొలిమికే పోవాలి. దానికి కట్టాల్సిన కూలి 'పీము'. పాత ఇంగ్లీషు అనువాదకులకు ఈ మాట అర్థం కాక ఆకురాయి అని రాశారు. తర్వాత తవ్వకాల్లో ఆ పేరు చెక్కిన చిన్న తూనికరాళ్లు దొరికాయి, బరువు సుమారు 7.8 గ్రాములు. అంటే అది ఒక వెండి తూకం. ప్రతి దుక్కికీ ముందు శత్రువుకు వెండి తూచి ఇచ్చే రైతుకు తన బానిసత్వం ఏమిటో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. గోత్రాలను తొలి రాజు సౌలు వెనక నిలబెట్టిన కారణాల్లో ఇలాంటి బతుకు బాధ మందసం కన్నా పెద్దదని నా నమ్మకం.

ఒకే దేవుడు, ఒకే పూర్వికుల కథ ఉన్నంత మాత్రాన వాళ్లు ఏకం కాలేదు. ఇశ్రాయేలు వీరుడు సమ్సోను ఫిలిష్తీయులతో కలబడితే యూదా గోత్రంవాళ్లు 3,000 మంది వెళ్లి, మనల్ని ఏలేది వాళ్లేనని తెలియదా అని మందలించి, కొత్త తాళ్లతో కట్టి శత్రువుకు అప్పజెప్పారు. ఇశ్రాయేలీయులే అయిన గిలాదువాళ్లకు, ఎఫ్రాయిమువాళ్లకు పోరు జరిగినప్పుడు గిలాదువాళ్లు యొర్దాను రేవుల దగ్గర కాపలా పెట్టి, దాటబోయే ప్రతివాడి చేత 'షిబ్బోలెతు' అనిపించారు. ఎఫ్రాయిము యాసలో 'సిబ్బోలెతు' అని పలికినవాణ్ణి అక్కడికక్కడే నరికారు. అలా 42,000 మంది పోయారని న్యాయాధిపతుల గ్రంథం. ఒక్క అక్షరం పలుకులో తేడా! యాసను వెక్కిరించడం ఎంత లోతుగా కోస్తుందో తెలుగువాళ్లమైన మనకు తెలుసు. మనకు వెక్కిరింతే ఇంత నొప్పి అయితే, ఆ రేవుల్లో పలుకు చావుబతుకులనే తేల్చింది.

సౌలు తర్వాతి రాజులు దావీదు, సొలొమోనుల కాలంలో కుదిరిందన్న ఐక్యత ఎలా విరిగిందో చూడండి. సొలొమోను 30,000 మందిని వెట్టికి పట్టాడు. నెలకు 10,000 మంది చొప్పున లెబానోను అడవులకు పంపాడు. గుడికి 7 ఏళ్లు, తన ఇంటికి 13 ఏళ్లు పట్టాయి. అతను పోయాక ఉత్తరాది గోత్రాలు షెకెములో కొత్త రాజు రెహబాము ముందు నిలబడి ఒక్కటే అడిగాయి: బరువు తగ్గించు, నీకు సేవ చేస్తాం. వాళ్లు అడిగినదాంట్లో వేరే దేవుడు లేడు, వేరే భాష లేదు, వేరే దేశం లేదు. తండ్రి కన్నా బరువైన కాడి మోపుతానని రాజు జవాబిచ్చాడు. ఆపై జనం దగ్గరికి పంపడానికి వెట్టి పనుల అధికారి అదోరామునే ఎంచుకున్నాడు. వాళ్లు అతణ్ణి రాళ్లతో కొట్టి చంపారు. రాజు రథమెక్కి యెరూషలేముకు పారిపోయాడు. క్రీ.పూ. 930 ప్రాంతంలో రాజ్యం ఉత్తరాన ఇశ్రాయేలు, దక్షిణాన యూదాగా రెండైంది. వెట్టి అన్న మాట విన్న తెలంగాణ పల్లెలకు ఆ రాళ్ల వెనక ఉన్న కోపం అర్థమవుతుంది.

ఇక తర్వాతిది త్వరగా చెప్పొచ్చు. ఉత్తరాది రాజు యరొబాము జనం యెరూషలేము గుడికి పోకుండా బేతేలులో, దానులో బంగారు దూడలు నిలిపాడు. భక్తి సరిహద్దు కంచె అయింది. రెండు వందల ఏళ్ల తర్వాత ఇశ్రాయేలు, అరాము కలిసి మీదికొస్తే యూదా రాజు ఆహాజు గుడిలోని వెండి బంగారాలు పంపి అష్షూరు సామ్రాజ్యాన్ని సాయానికి పిలిచాడు. క్రీ.పూ. 722 నాటికి ఇశ్రాయేలు రాజధాని సమరియ పడింది. 27,290 మందిని చెరగా తీసుకుపోయానని అష్షూరు రాజు సర్గోను తన శాసనాల్లో రాయించుకున్నాడు.

మరి శత్రువులన్నవాళ్లు? సౌలు తరిమితే దావీదు తలదాచుకున్నది గాతు రాజు దగ్గరే, ఫిలిష్తీయుల మధ్యనే. సొంత కొడుకు అబ్షాలోము తిరగబడి దావీదు కట్టుబట్టలతో నగరం విడిచినప్పుడు, గాతువాడైన ఇత్తయి 600 మంది గాతువాళ్ల తోడుతో వెంట నడిచాడు. నువ్వు పరదేశివి, నిన్నగాక మొన్న వచ్చావు, వెనక్కి పొమ్మని దావీదు చెప్పినా వినలేదు. చావైనా బతుకైనా రాజు ఉన్నచోటే అన్నాడు. రక్తం, మతం ఒకటైతేనే దేశం నిలుస్తుందని బోధించేవాళ్లు, వాళ్లు ఏ మతం వాళ్లైనా, ఈ పేజీ దగ్గర ఆగాలి. ఫిలిష్తీయులను కఫ్తోరు నుంచి తెచ్చింది కూడా ఇశ్రాయేలును ఐగుప్తు నుంచి తెచ్చిన దేవుడేనని ప్రవక్త ఆమోసు తన జనానికి గట్టిగా గుర్తుచేశాడు. ఆ మాట మీద ప్రసంగాలు నేను ఎక్కువగా వినలేదు.

క్రీ.పూ. 701 నాటికి ఫిలిష్తీయుల నగరం ఎక్రోను పెద్దలు అష్షూరుకు విధేయుడైన తమ రాజు పాదిని సంకెళ్లు వేసి యూదా రాజు హిజ్కియాకు అప్పగించారు. కప్పం భారం కిందున్న ఇద్దరు పాత శత్రువులు ఒక పక్షమయ్యారు. అష్షూరు గెలిచి పాదిని మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టింది. పాది కొడుకు అకీషు ఎక్రోనులో ఒక దేవతకు పెద్ద గుడి కట్టించాడు. తనను దీవించమని, ఆయుష్షు పొడిగించమని, తన దేశాన్ని చల్లగా చూడమని రాతి మీద చెక్కించి వేడుకున్నాడు. క్రీ.పూ. 604 ప్రాంతంలో బబులోను సైన్యం ఎక్రోనును తగలబెట్టింది. 586లో అదే సైన్యం యెరూషలేము గుడిని కాల్చింది. అకీషు రాయి, ఐదు పంక్తులది, 1996లో ఎక్రోను తవ్వకాల్లో ఆ గుడి శిథిలాల మధ్య దొరికింది.