పన్ను తగ్గింది సరే, వెనక సీటు చూశారా?

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారినప్పట్నుంచీ మా వీధిలో ఏ ఇద్దరు కలిసినా కార్ల మాటే. "తగ్గిందిటగా వదినా, ఎప్పుడు కొంటున్నారు?" అని పలకరింపులు. తగ్గిన మాట నిజమే. అయితే ఏ కారుకి, ఎందుకు తగ్గిందని అడిగేవాళ్లే తక్కువ.

పొడవు నాలుగు మీటర్లు మించకూడదు. ఇంజను పెట్రోలుదైతే 1200 సీసీ, డీజిలుదైతే 1500 సీసీ దాటకూడదు. ఇలాంటి చిన్న కార్లకి అంతకుముందు 28 శాతం పన్ను, ఆ పైన సెస్సు (పెట్రోలుకి ఒకటి, డీజిలుకి మూడు శాతం) ఉండేవి. అవి పోయి 18 శాతం అయింది. పన్ను కలపకుండా 5 లక్షలుండే పెట్రోలు కారు 6,45,000 నుంచి 5,90,000కి దిగిందన్నమాట. 55 వేలంటే మనలాంటి ఇళ్లలో చిన్న మొత్తం కాదు. ఈ కొలతల్లో ఏ ఒక్కటి దాటినా 40 శాతం. కరెంటు కార్లకి మాత్రం ముందూ వెనకా 5 శాతమే.

ఈ నాలుగు మీటర్ల గీత కొత్తదేం కాదు. 2006 బడ్జెట్లో చిన్న కార్ల ఎక్సైజు సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించినప్పుడే గీశారు. గుడ్డ చాలనప్పుడు దర్జీ జాకెట్టు చేతులు కురచ చేసినట్టు, కంపెనీలు కార్ల వెనక భాగం కత్తిరించాయి. 2008లో వచ్చిన మారుతీ స్విఫ్ట్ డిజైర్ నాలుగు మీటర్లకి పైనే ఉండేది. 2012లో దాన్ని 3,995 మిల్లీమీటర్లకి కుదించారు. డిక్కీ 440 లీటర్ల నుంచి 316కి తగ్గింది. పన్ను కలిసొచ్చింది గానీ, పుట్టింటి నుంచి తెచ్చుకునే బియ్యం మూట, ఆవకాయ జాడీ ఎవరి ఒళ్లో పెట్టుకోవాలి?

అందుకే టెస్ట్ డ్రైవ్ అనేది మగవాళ్లకే వదిలేయకూడదంటాను. వాళ్లు స్టీరింగు పట్టుకుని పికప్పు, మైలేజీ చూస్తారు. మనల్ని రంగు చెప్పమంటారు! రంగు తర్వాత, ముందు వెనక సీట్లో కూర్చోండి. ఇంట్లో పెద్దావిణ్ణి కూడా తీసుకెళ్లండి. చీరతో ఎక్కి దిగడం సులువుగా ఉందా? మోకాళ్లు ముందు సీటుకి తగులుతున్నాయా? వెనక ముగ్గురికీ బెల్టులు అందుతున్నాయా? గతుకుల రోడ్డు మీద కూడా ఓసారి తిప్పమనండి.

ఇక కాగితం లెక్క. షోరూం ధర చూసి మురిసిపోకుండా లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను అన్నీ కలిపి రాసిమ్మనండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ధర పెరిగేకొద్దీ లైఫ్ టాక్సు శాతమూ పెరుగుతుంది. "కాస్త పై మోడల్ తీసుకోండి మేడమ్" అంటే, దాంతో పన్ను ఏ మెట్టు ఎక్కుతుందో అడగండి. కరెంటు కార్లకి తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి ఇచ్చిన లైఫ్ టాక్సు మినహాయింపుకి 2026 డిసెంబరు 31 గడువు. కొనే రోజుకి ఏ రూలు నడుస్తోందో కనుక్కోవాలి.

పన్ను ఓ ఏడు తగ్గుతుంది, ఇంకో ఏడు పెరుగుతుంది. కారు మాత్రం పదేళ్లు మన గుమ్మం ముందుంటుంది. వాయిదాలు కట్టేది ఇంటిఖర్చు డబ్బుల్లోంచే కదా, ఎంపికలో మన మాటా ఉండాలి మరి!